పాత పెట్టెలో కొత్త కార్డు: ఒక సంవాదం

గ్రాఫిక్స్ కార్డు అనేది ఆటలో తెర మీద కదిలే ప్రతి దృశ్యాన్నీ లెక్కకట్టి గీసే యంత్రభాగం. దానికి సొంత ప్రాసెసరు, వీడియో ర్యామ్ అనబడే సొంత మెమరీ, సొంత ఫ్యాన్లు ఉంటాయి; మదర్‌బోర్డు మీది పొడవాటి స్లాటులోంచి పాతదాన్ని ఊడదీసి కొత్తదాన్ని బిగించడానికి ఒక స్క్రూడ్రైవరు, కొద్దిపాటి ఓపిక చాలు గనుక, ఆటలు ఈడ్చుకుంటూ నడవడం మొదలుకాగానే అందరి చూపూ ముందు దాని మీదే పడుతుంది. కార్డు మారిస్తే పాత కంప్యూటరు మళ్లీ పరుగందుకుంటుందా, లేక ఆ డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందా అన్నది ఆటల ప్రియుల మధ్య ఎన్నటికీ తెగని తగవు.

ఆ తగవును గాలిలో వదిలేయకుండా ఒక నిర్దిష్టమైన యంత్రం మీద నిలిపి చూడడం మేలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట 2014 ప్రాంతంలో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించిన ఒక మధ్యతరగతి కంప్యూటరును తీసుకుంటే, అందులో ఇంటెల్ కోర్ ఐ5-4590 ప్రాసెసరు, హెచ్81 చిప్‌సెట్ గల మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 2 జీబీ వీడియో ర్యామ్ గల ఎన్విడియా జీటీఎక్స్ 750 టీఐ కార్డు, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్ఎంపీఎస్ ఉంటాయి. గోడ కరెంటును కంప్యూటరుకు పనికొచ్చే తక్కువ వోల్టేజీలుగా మార్చే పెట్టెనే ఎస్ఎంపీఎస్ అంటారు. ఇటువంటి యంత్రం గురించి వాదించే ఇద్దరిలో మేనమామ ఏళ్ల తరబడి కంప్యూటర్లు బాగుచేసిన వ్యక్తి, మేనకోడలు ఇంజనీరింగు చదువుతూ ఆటలాడే అమ్మాయి. వయసును బట్టి చూస్తే పక్షాలు తారుమారై ఉండాలి గానీ, ఇక్కడ కొత్త కార్డు కొందామనేది పెద్దాయనే, పెట్టె మొత్తాన్నీ మార్చాలని పట్టుబట్టేది పిల్ల.

మేనమామ: అమ్మాయీ, 750 టీఐ కార్డు 2014 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు దాని గొప్పతనం వేగంలో కాదు, పొదుపులో ఉండేది, 60 వాట్లతోనే నడిచేది గనుక, స్లాటు నుంచి అందే 75 వాట్లు సరిపోయి, ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా తీగ లాగే పని లేకుండా ఆఫీసు కంప్యూటర్లలో సైతం ఇమిడిపోయింది. ఇప్పుడు దాని కాలం తీరింది, అందులో సందేహం లేదు. 2 జీబీ వీడియో ర్యామ్‌లో నేటి ఆటల చిత్రాలు పట్టవు; పైగా ఆ తరం కార్డులకు కొత్త ఆటలకు తగిన డ్రైవర్లు, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేరు, ఇవ్వడం 2025 అక్టోబరుతో ఆపేసి, ఆ తర్వాత 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామని ఎన్విడియా సంస్థే ప్రకటించింది. అలసిపోయినది కార్డు ఒక్కటే అయినప్పుడు కార్డు మారిస్తే సరిపోతుంది కదా, మిగతా యంత్రం చేసిన నేరమేమిటి?

మేనకోడలు: నేరం ప్రాసెసరుది, మామయ్యా. ఆటలో ఒక్కొక్క దృశ్యాన్ని ఫ్రేము అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. ఎవరు ఎక్కడ నిలుచున్నారు, తూటా ఎటు పోయింది, గుంపులోని మనుషులు ఏం చేస్తున్నారు అన్న లెక్కలన్నీ ముందు ప్రాసెసరు కట్టి, ఏమేమి గీయాలో కార్డుకు ఆజ్ఞలు పంపితే, కార్డు వాటిని గీస్తుంది. ఒకరు పూరీలు ఒత్తుతుంటే మరొకరు మూకుట్లో వేయిస్తున్నట్టు ఈ రెండు పనులూ ఒకదాని వెంట ఒకటి సాగుతాయి గనుక, వేయించేవారి చేతికి ఎంత పెద్ద మూకుడు ఇచ్చినా ఒత్తేవారి వేగాన్ని మించి పళ్లెంలోకి పూరీలు రావు. ప్రాసెసరు ఒక ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు, పాత కార్డు 33 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాయనుకుంటే సెకనుకు 30 ఫ్రేములు వస్తాయి. ఆ కార్డు తీసేసి 8 మిల్లీసెకన్లలో గీసే కార్డు పెడితే కార్డు లెక్కన 125 ఫ్రేములు రావాలి, కాని వచ్చేవి 50 మాత్రమే. డబ్బు పోసింది 125 ఫ్రేములకు, చేతికందింది 50.

మేనమామ: లెక్క సరైనదే, అర్థం తీసిన తీరే సరికాదు. 20 మిల్లీసెకన్లలో 8 పోగా మిగిలిన 12 మిల్లీసెకన్లు కొత్త కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఆ ఖాళీని నీడల నాణ్యతకు, దూరపు కొండల స్పష్టతకు, ఇంకా ఎక్కువ రిజల్యూషన్‌కు, అంటే తెర మీద గీసే చుక్కల సంఖ్యకు, వాడుకుంటే ఒక్క ఫ్రేము కూడా తగ్గదు. అంటే 30 ఫ్రేములతో అధమ స్థాయిలో ఆడుతున్న ఆట 50 ఫ్రేములతో ఉత్తమ స్థాయికి చేరుతుంది. ఆడేవాడి కంటికి అది చిన్న మార్పేమీ కాదు.

మేనకోడలు: కంటికి కనిపించేది సగటు కాదు, మామయ్యా, కుదుపు. ఐ5-4590లో ఉన్నవి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. అంటే ఒకే సమయంలో నాలుగు పనుల వరుసలను మాత్రమే నడపగలదు. ఈ తరం ఆటలు అంతకన్నా ఎక్కువ వరుసలు ఉంటాయనే నమ్మకంతో రాసినవి. నాలుగు కోర్లూ నూటికి నూరు శాతం నిండిపోయినప్పుడు సగటు 50 ఫ్రేములే చూపిస్తున్నా, మధ్యమధ్య ఒక ఫ్రేము 60, 70 మిల్లీసెకన్లు ఆలస్యమై ఆట ఒక్కసారిగా కొట్టుకుంటుంది. సైబర్‌పంక్ 2077 ఆటకు 2023లో వచ్చిన 2.0 సవరణతో కనీస అర్హతగా చెప్పిన ప్రాసెసరు ఐ7-6700; అది ఎనిమిది థ్రెడ్లు గలది, ఐ5-4590 కంటే రెండు తరాలు కొత్తది. వాకిట్లోనే అడ్డగించిన ఆటకు లోపల ఎంత మంచి కార్డు ఉండి ఏం ప్రయోజనం?

మేనమామ: కనీస అర్హత అంటే తయారీదారు పూచీపడే గీత; దానికి కింద ఆట నడవదని కాదు, నడిచే తీరుకు ఆయన బాధ్యుడు కాడని. కుదుపుకూ ఉపాయం లేకపోలేదు: డ్రైవరు సెట్టింగులలో ఫ్రేముల సంఖ్యను 40కో 45కో కట్టేస్తే ప్రాసెసరుకు ప్రతి ఫ్రేములోనూ కొంత ఊపిరి దొరికి, ఆట నిలకడగా సాగుతుంది. పైగా అదే సాకెట్‌లో కూర్చునే ఎనిమిది థ్రెడ్ల ఐ7-4790 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది కదా.

ఈ దశలో వాదం ఒక కొలత దగ్గర ఆగక తప్పదు, ఎందుకంటే ఇద్దరూ చెబుతున్నవి నిజాలే, కాని వేర్వేరు ఆటల గురించిన నిజాలు. ఏ ఆటలో కార్డు వెనకబడుతోందో, ఏ ఆటలో ప్రాసెసరు వెనకబడుతోందో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు: రోజూ ఆడే ఆటను తెరిచి, బాగా రద్దీ ఉండే చోట నిలబడి, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో సెకనుకు వచ్చే ఫ్రేములను గమనించి, ఆ తర్వాత రిజల్యూషన్‌ను బాగా తగ్గించి అదే చోట మళ్లీ చూడాలి. రిజల్యూషన్ తగ్గితే కార్డు మీది భారం తగ్గుతుంది గాని ప్రాసెసరు పని దాదాపు అంతే ఉంటుంది. కనుక ఫ్రేములు గణనీయంగా పెరిగితే లోపం కార్డుదే, పెరగకుండా అక్కడే ఉండిపోతే ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ఆ ఆటలో ఆ సంఖ్య కదలదు. దుకాణానికి వెళ్లేవారిలో చాలామంది ఈ పరీక్షను వదిలేసి, కార్డు అట్టపెట్టె మీది బొమ్మను చూసి నిర్ణయం తీసుకోవడం విచారించవలసిన విషయమే.

మేనకోడలు: సరే, ప్రాసెసరు సంగతి అలా ఉంచినా, కార్డుకు తిండి పెట్టేదెవరు? ఏఎండీ రేడియాన్ ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది. స్లాటు ఇచ్చే 75 వాట్లు చాలవు గనుక, ఎస్ఎంపీఎస్ నుంచి ఎనిమిది పిన్నుల తీగ కావాలి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్‌లో ఆ తీగే ఉండదు.

మేనమామ: తీగ లేకపోవడమే ఒక హెచ్చరిక అనుకోవాలి. ఆ పెట్టె పక్కన అంటించిన లేబుల్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉన్నా, చదవవలసింది దాని కింద ఉండే చిన్న పట్టిక. కార్డూ ప్రాసెసరూ తినేది 12 వోల్టుల లైను నుంచే. ఆ గడిలో 16 యాంపియర్లు అని ఉంటే 12ను 16తో గుణించగా వచ్చే 192 వాట్లే అసలు బలం. ఐ5-4590కు 84 వాట్లు, 6600 కార్డుకు 132 వాట్లు కలిపితేనే 216 అవుతుంది, ఫ్యాన్లూ డ్రైవులూ ఇంకా లెక్కలోకి రానేలేదు. హార్డ్ డిస్కుల కోసం ఉండే నాలుగు పిన్నుల తీగలను కలిపి ఎనిమిది పిన్నులుగా మార్చే అడాప్టర్లు బజారులో దొరుకుతాయి. వాటిని వాడితే ప్లాస్టిక్ కనెక్టరు కరిగి నల్లబడేదాకా ప్రమాదం తెలియదు. అందుచేత కార్డు కంటే ముందు మంచి ఎస్ఎంపీఎస్ కొనాలి, అందులో వాదమే లేదు.

మేనకోడలు: కార్డుతో పాటు ఎస్ఎంపీఎస్, దానితో పాటు యూపీఎస్ కూడా మార్చవలసి రావచ్చు. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్‌లలో చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లే. కరెంటు పోయిన క్షణంలో ఆట నడుస్తూ ఉంటే, మానిటరుతో కలిపి ఆ భారాన్ని మోయలేక కీచుమని అరిచి ఆగిపోవచ్చు. ఇక మానిటరు విషయానికొస్తే, అది నీలిరంగు పిన్నుల వీజీఏ తీగ మాత్రమే పట్టేదైతే కొత్త కార్డుల వెనుక ఆ రంధ్రమే ఉండదు, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు మాత్రమే ఉంటాయి. సంకేతాన్ని మార్చే కన్వర్టరు విడిగా కొనాలి. ఇంతా చేసి ఆ మానిటరు 1366×768 రిజల్యూషన్‌దైతే, కార్డుకు గీయడానికి పనే ఉండదు, భారమంతా మళ్లీ ప్రాసెసరు మీదికే వస్తుంది. అసలు కంటే కొసరు ఎక్కువైన బేరం ఇది.

యూపీఎస్ గురించీ వీజీఏ గురించీ ఆమె అన్న మాటలు తోసిపుచ్చదగినవి కావు. విదేశీ సమీక్షలు చదివి కార్డు ఎంచుకునేవారికి ఈ రెండూ తట్టవు, ఎందుకంటే ఆ సమీక్షలు రాసేవారి బల్లల మీద ఇవి ఉండవు. అయినా ఆమె పట్టికలోని అతి బలమైన అంశం వీటిలో ఏదీ కాదు. మదర్‌బోర్డుకూ కార్డుకూ నడుమ ఉండే దారి.

మేనకోడలు: ఆ దారి పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. కార్డుకూ మిగతా కంప్యూటరుకూ మధ్య సమాచారం ప్రయాణించే ఈ దారిలో లేన్లు అనబడే వరుసలుంటాయి, తరం మారినకొద్దీ ఒక్కో లేను వేగం రెట్టింపవుతూ వచ్చింది. ఐ5-4590 ప్రాసెసరుకు మూడో తరం దారి తెలిసినా, హెచ్81 చిప్‌సెట్ దాన్ని రెండో తరానికే పరిమితం చేసింది. అంటే ఒక్కో లేనులో సెకనుకు 500 ఎంబీ, పదహారు లేన్లకు 8 జీబీ. తయారీదారులేమో చౌక కార్డులకు లేన్లు కత్తిరించడం మొదలుపెట్టారు: 2022 జనవరిలో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే లేన్లు. నాలుగో తరం బోర్డులో ఆ నాలుగు లేన్లు సెకనుకు సుమారు 8 జీబీ మోస్తాయి గనుక ఎలాగో నెట్టుకొస్తాయి. ఈ పాత బోర్డులో అవే నాలుగు లేన్లు 2 జీబీకి పడిపోతాయి. ఆ కార్డులో ఉన్నది 4 జీబీ వీడియో ర్యామే గనుక ఆటలో చిత్రాలు దానిలో పట్టక పొర్లిపోతాయి, పొర్లిన ప్రతిదాన్నీ మామూలు ర్యామ్ నుంచి ఈ ఇరుకు సందులోంచే తెచ్చుకోవలసి వస్తుంది, తెచ్చుకున్న ప్రతిసారీ ఆట ఆగి ఆగి నడుస్తుంది. కొత్త యంత్రంలో ఫరవాలేదనిపించిన కార్డు పాత యంత్రంలోనే ఎక్కువ దెబ్బతింటుందంటే, చౌక కార్డును అసలు ఎవరి కోసం తయారుచేసినట్టు?

మేనమామ: ఆ ప్రశ్నకు సమాధానం తయారీదారులే చెప్పాలి, ఆ కార్డును సమర్థించవలసిన పని ఇక్కడ ఎవరికీ లేదు. అయితే ఆ దెబ్బకు రెండు కారణాలు కలవాలి: లేన్లు తక్కువ కావడం ఒకటి, వీడియో ర్యామ్ పొర్లిపోవడం మరొకటి. 6600 కార్డుకు ఎనిమిది లేన్లూ 8 జీబీ వీడియో ర్యామూ ఉన్నాయి. పాత బోర్డులో దాని దారి సెకనుకు 4 జీబీకి తగ్గినా, చిత్రాలు ఆ 8 జీబీలో పట్టినంతకాలం ఆ దారితో పెద్దగా పని పడదు. చిత్రాల నాణ్యతను ఒక మెట్టు దించితే అవి పడతాయి. ఇంటెల్ ఆర్క్ కార్డులను మాత్రం ఈ యంత్రంలో పెట్టకూడదు; కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసరు ఒకేసారి అందుకునేలా చేసే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకపోతే అవి చతికిలబడతాయి, ఆ సదుపాయం ఇంత పాత బోర్డుల్లో ఉండదు. తెలియకుండా కొంటే నష్టం, తెలిసి కొంటే నష్టమేముంది?

మేనకోడలు: సెకండ్ హ్యాండ్‌లో కొంటే తెలిసేదేముంది? 2022 సెప్టెంబరు 15న ఈథీరియమ్ అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకుని, గ్రాఫిక్స్ కార్డులతో ఆ నాణేన్ని తవ్వే పనికి స్వస్తి చెప్పాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా బజారులోకి వచ్చాయి. ఆర్ఎక్స్ 580 పేరుతో అమ్మేవాటిలో 2048ఎస్‌పీ అనే రకం ఒకటుంది. అసలు 580లో ఉండే 2304 గణన భాగాలకు బదులు అందులో 2048 మాత్రమే ఉంటాయి, అంటే అది దాదాపు 570 కార్డే.

మేనమామ: జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేరు తెరిస్తే ఆ సంఖ్య కనిపిస్తుంది, అది చూపించడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొననక్కర్లేదు. ఫ్యాను తిరిగేటప్పుడు గరగరమంటోందా, పది నిమిషాల భారం తర్వాత వేడి ఎంతకు చేరింది అన్నవి కూడా అక్కడే చూసుకోవాలి. ఇంతకూ ఈ వాదానికి మూలం వేరే ఉంది, అమ్మాయీ. పాత యంత్రానికి కొనే వస్తువులు రెండు రకాలు: రేపు కొత్త యంత్రంలోకి వెంట వచ్చేవి, పాతదానితోనే మిగిలిపోయేవి. కార్డు, ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ, మానిటరు మొదటి రకం. డీడీఆర్3 ర్యామ్ రెండో రకం. మొదటి రకం మీద పెట్టే రూపాయి పాత యంత్రానికి పెట్టినట్టు కాదు, కొత్త యంత్రాన్ని వాయిదాల మీద కొన్నట్టు.

మేనకోడలు: అలాగైతే ఐ7-4790 సంగతేమిటి? అది కూడా రెండో రకమే కదా.

మేనమామ: ఒప్పుకోక తప్పదు, దాన్ని ఈ పట్టిక నుంచి కొట్టేయవచ్చు.

మేనకోడలు: వాయిదాలకు వడ్డీ కూడా ఉంటుంది. ఇప్పుడు కొన్న కార్డు సగం బలంతో రెండేళ్లు ఈ పెట్టెలో పనిచేస్తే, ఆ రెండేళ్లలో దాని వారంటీ కరుగుతుంది, దాని తరం పాతబడుతుంది. అసలు బలం చూపించే రోజుకు అది కూడా పాత కార్డే అవుతుంది. అదే డబ్బు దాచి ఒకేసారి ఆరు కోర్ల రైజెన్ 5 5600 వంటి ప్రాసెసరుతో కొత్త యంత్రం కడితే, మొదటి రోజు నుంచే పూర్తి పని దక్కుతుంది.

మేనమామ: దాచుకుంటే ధర తగ్గుతుందన్న భరోసా ఎవరిచ్చారు? 2021లో కార్డుల కోసం ఎదురుచూసినవారు కంపెనీ చెప్పిన ధర కంటే ఎంత ఎక్కువ ఇచ్చుకున్నారో తెలిసిందే. 2025 చివరి నెలల్లో ర్యామ్ వంతు వచ్చింది. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా కేంద్రాలు చిప్పులను ఎత్తుకుపోతుంటే ర్యామ్ ధరలు కొండెక్కాయి, క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇటువంటి సమయంలో ర్యామ్‌తో సహా పెట్టె మొత్తం మార్చడమే ఖరీదైన పని. ధర పెరిగిన వస్తువును వదిలేసి, పెరగనిదాన్ని ముందు కొనడం లోకజ్ఞానం.

ఇక్కడ మేనమామ పక్షం కొంత పైచేయి సాధించినట్టు కనిపిస్తుంది, కాని ధరలను ఆధారం చేసుకున్న ఏ వాదమైనా ఆ ధరలు నిలిచినంతకాలమే నిలుస్తుంది. కార్డు తరుగుదల గురించి ఆమె లేవనెత్తిన అభ్యంతరానికి ఆయన నేరుగా జవాబు చెప్పలేదన్నది కూడా గమనించదగినది. వాయిదా సిద్ధాంతం నిజంగా నిలబడాలంటే రెండో వాయిదా తేదీ దగ్గరలో ఉండాలి. అది ఎప్పటికో తెలియని పక్షంలో కార్డును వెంట తీసుకుపోయే వస్తువుగా లెక్కించడం మనసుకు చెప్పుకునే సాకు మాత్రమే.

మేనకోడలు: ఇంకో గోడ కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసరు మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అడ్డదారిలో ఎక్కించినా, వాలరెంట్ వంటి ఆట అక్కడ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేనిదే తెరుచుకోదు. లినక్స్‌కు పోదామంటే ఆ ఆట మోసనిరోధక వ్యవస్థ అక్కడ పనిచేయదు. కార్డు ఈ తలుపులు తెరవలేదు.

మేనమామ: ఆ ఒక్క ఆటే ప్రాణమైనవారికి కార్డు కొనమని చెప్పడం తప్పే అవుతుంది, నిజానికి అది తేలికపాటి ఆట గనుక వారికి కార్డు అక్కర్లేదు కూడా. ఒంటరిగా ఆడుకునే కథాప్రధానమైన ఆటలకు ఈ అడ్డు లేదు. విండోస్ 10 మీద ఆర్టీఎక్స్ కార్డులకు 2026 అక్టోబరు వరకు కొత్త డ్రైవర్లు ఇస్తామని ఎన్విడియా చెప్పింది. స్టీమ్‌లోని ఆటల్లో చాలావాటిని వాల్వ్ సంస్థ ఇచ్చే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేరు సాయంతో లినక్స్‌లోనూ ఆడుకోవచ్చు. పాత ఎస్ఎంపీఎస్‌ను కదపడం ఇష్టం లేకపోతే 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ ఆర్టీఎక్స్ 3050 ఉండనే ఉంది. 70 వాట్లతో, విడి తీగ లేకుండా స్లాటు కరెంటుతోనే నడిచే ఆ కార్డు 750 టీఐకి అసలైన వారసురాలు.

మేనకోడలు: వారసురాలే గాని, 6600 కంటే చాలా వెనకబడినది. రేపు కొత్త యంత్రంలోకి వెంట తీసుకువెళ్లాలన్నది మీ సిద్ధాంతమే కదా, మామయ్యా. అంత బలహీనమైన కార్డును కొత్త యంత్రంలోకి ఎవరు తీసుకువెళతారు? మీ మాట మీద మీరు నిలబడాలంటే ముందు ఎస్ఎంపీఎస్ మార్చి 6600 కొనాలి, లేదా అసలు కొనకూడదు.

మేనమామ: అయితే వచ్చే యంత్రం ఎప్పుడు కొనేదీ నువ్వే చెప్పాలి. ఏడాది లోపైతే ఎస్ఎంపీఎస్, 6600. కొనేది లేనే లేదు, ఈ పెట్టెనే చివరిదాకా వాడాలి అనుకుంటే 3050. ముందు ఆ రిజల్యూషన్ పరీక్ష చేసి చూపించు, ఫ్రేములు కదలకపోతే రెండూ వద్దు.